ముందు చెరువు, తర్వాత కెమెరా

చెరువు అంచున బురదలో గుడ్డికొంగ నిలబడి ఉంటే, గట్టు మీద నడిచి వెళ్లేవాళ్లలో చాలామంది దాన్ని గమనించరు. వీపు మట్టిరంగు, మెడ నిండా గోధుమరంగు చారలు, పైగా కదలదు. ఇంకో రెండడుగులు దగ్గరకు వేస్తే ఒక్కసారిగా లేస్తుంది. అప్పటిదాకా మట్టిముద్దలా కనిపించిన పిట్టకు ఎక్కణ్నుంచో తెల్లటి రెక్కలు పుట్టుకొస్తాయి. కొత్తగా కెమెరా పట్టినవారు ఆ తెలుపు చూసి ఉలిక్కిపడి బటన్ నొక్కుతారు. ఇంటికొచ్చి చూసుకుంటే ఫొటోలో మిగిలేది ఒక రెక్క చివర, కాస్త మసక, బోలెడు నీళ్లు.

వారం తర్వాత అదే గట్టు మీదికి మళ్లీ వెళ్లినవారికి ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ కొంగ ఉత్తపుణ్యానికి ఎగరదు. ముందు మెడ నిక్కిస్తుంది, ఒంటిని ముందుకు వంచుతుంది, కాళ్లు మడుస్తుంది. చాలాసార్లు లేచే ముందు రెట్ట కూడా వేస్తుంది. ఈ గుర్తులు తెలిసినవారి వేలు అర సెకను ముందే సిద్ధంగా ఉంటుంది. కెమెరా మొదటి వారం పట్టుకెళ్లిందే. ఫొటో మాత్రం వేరు.

ఈ అధ్యాయమంతా ఆ రెండో వారం గురించే.

ప్రకృతి ఫొటోగ్రఫీ మొదలుపెట్టేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఏ కెమెరా కొనాలని. రెండోది, ఏ అడవికి వెళ్లాలని. ఈ రెంటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వారానికి ఒకటి రెండుసార్లు, ఏడాది పొడవునా, సెలవు పెట్టకుండా, డబ్బు లెక్క చూసుకోకుండా వెళ్లిరాగల చోటు ఏది? అది దొరికితే చదువులో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. తడోబా, కబినీ లాంటి పులుల అడవులకు మూడు రోజుల సఫారీకి వెళ్లినవారికి పులి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. కనిపించినా జీపు ఎక్కడ ఆగాలో డ్రైవర్ నిర్ణయిస్తాడు, వెలుగు ఎటునుంచి రావాలో ఆ నిమిషం నిర్ణయిస్తుంది. చేసిన తప్పును మర్నాడు దిద్దుకునే వీలు అక్కడ ఉండదు. ఊరి చెరువు దగ్గర ఉంటుంది.

ఇంటికి దగ్గర్లో నీళ్లు

తెలుగు నేలకు ఈ విషయంలో లోటు లేదు. గుంటూరుకు దగ్గర్లోని ఉప్పలపాడులో ఊరి చెరువులోనే చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు గుంపులుగా చేరతాయి. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఒక నగర జలాశయానికి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు మేతకు పులికాట్ సరస్సు దాకా వెళ్లివస్తాయి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా పక్షులను చూడ్డానికి పెద్ద ప్రయాణ సన్నాహం అక్కర్లేదు.

ఇవన్నీ పేరున్న చోట్లు. నేర్చుకోవడానికి పేరుతో పనిలేదు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంటులో ఉండేవారికి పక్క కాలనీ పార్కు చాలు. పొలం ఉన్నవారికి మోటారు గది పక్కనున్న తుమ్మచెట్టు చాలు. కరెంటు తీగ మీద వాలే పసిరిక పిట్ట ఈ చదువుకు మంచి గురువు. పచ్చగా, పిడికిలంత ఉండే ఆ పిట్ట తీగ మీంచి దూకి గాలిలోనే పురుగును పట్టి, తిరిగి దాదాపు అదే చోట వాలుతుంది. పట్టిన తేనెటీగను తీగకేసి కొట్టి గానీ మింగదు. దాని వెంట కెమెరా తిప్పుతూ పరుగెత్తేవారికి ఏదీ దొరకదు. అది వాలే చోటు మీద ముందే ఫోకస్ పెట్టి పది నిమిషాలు ఆగినవారికి ముక్కున పురుగుతో దొరుకుతుంది.

ఇది కొత్త కిటుకు కాదు, ఫొటోగ్రఫీలో పాత పాఠమే. 1920ల్లో ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి హిమాలయాల దిగువ అడవుల్లో స్వేచ్ఛగా తిరిగే పులులను రాత్రిపూట ఫొటోలు తీశాడు. పులి నడిచే దారికి అడ్డంగా సన్నని తీగ కట్టేవాడు. పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి, కెమెరా తనంతట తానే ఫొటో తీసుకునేది. 1927లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ చిత్రాలున్నాయి. వాటి వెనకున్న అసలు పనితనం తీగలో లేదు. ఏ బాటన ఏ పులి వస్తుందో పాదముద్రలు చూసి నేర్చుకోవడంలో ఉంది. ఒంటి మీది చారలను బట్టి ఒక్కో పులినీ విడిగా గుర్తుపట్టవచ్చని ఆయన ఆ ఫొటోల ఆధారంగానే గ్రహించాడు.

మద్రాసులో ఉండి రాసిన ఎం. కృష్ణన్ (1912–1996) మరో ఉదాహరణ. ఆయన ప్రకృతి మీద 1950 నుంచి చనిపోయేవరకూ ‘స్టేట్స్‌మన్’ పత్రికలో శీర్షిక నడిపారు. నలుపు తెలుపుల్లోనే ఫొటోలు తీశారు. ఒక కంపెనీ కెమెరాకు ఇంకో కంపెనీ లెన్సు బిగించి, మిగతా భాగాలు తానే అమర్చుకుని ఆ బరువైన యంత్రానికి ‘సూపర్ పాండెరోసా’ అని పేరు పెట్టుకున్నారు. కృష్ణన్ ఏనుగుల గురించి ఎంత శ్రద్ధగా రాశారో, ఇంటి పెరట్లో కనిపించే పిట్టలు, తొండల గురించి కూడా అంతే శ్రద్ధగా రాశారు. ఈ రోజు చేతిలో ఉన్న మామూలు ఫోన్ సౌకర్యంలో ఆయన యంత్రాన్ని మించిపోయింది. ఆయనకున్న ఓపికే ఇంకా సంపాదించుకోవాలి.

ఎండ, గాలి

వెలుగు గురించి అందరూ చెబుతారు. సూర్యోదయం తర్వాత గంట, సూర్యాస్తమయానికి ముందు గంట ఎండ ఏటవాలుగా, మెత్తగా, కాస్త పసుపుగా ఉంటుంది. పది దాటాక మన ఎండకు పిట్ట కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, తెల్ల ఈకలు సున్నం కొట్టినట్టవుతాయి. ఈ మాట నిజమే. దానికి తోడుగా గాలి సంగతి కూడా తెలుసుకుంటే గట్టు మీద ఎక్కడ నిలబడాలో తేలిపోతుంది.

పక్షులు వీలైనంతవరకూ గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలతాయి. గూడబాతులాంటి బరువైన పక్షులకు అది మరీ అవసరం. అంటే గాలి ఫొటో తీసేవారి వీపుకు తగులుతుంటే పక్షి లేచి వారివైపే వస్తుంది. గాలి ముఖానికి కొడుతుంటే పక్షి తోక చూపించి వెళ్లిపోతుంది. శీతాకాలంలో ఈశాన్య గాలులు వీచే రోజుల్లో పొద్దున్నే చెరువుకు తూర్పు గట్టున నిలబడితే ఎండా, గాలీ రెండూ వెనకనుంచే వస్తాయి. పక్షి ముఖం మీద వెలుగు పడుతుంది, ముఖం కెమెరావైపు ఉంటుంది. నైరుతి గాలుల కాలంలో ఇదే వరస తిరగబడుతుంది. అప్పుడు సాయంత్రం పూట పడమటి గట్టు మేలు. తీరం దగ్గర నేలగాలి, సముద్రపు గాలి ఈ లెక్కను మారుస్తుంటాయి కాబట్టి చిటికెడు ఎండుగడ్డి గాలిలో వదిలి చూసుకోవడమే నమ్మకం.

ఇంకో అలవాటు మొదటి రోజే చేసుకోవాలి. వంగాలి, కూర్చోవాలి, కుదిరితే బోర్లా పడుకోవాలి. నిలబడి తీసిన ఉల్లంకి పిట్ట నేల మీద చుక్కలా ఉంటుంది. దాని కంటి ఎత్తుకు కెమెరా దించితే వెనకున్న గడ్డి దూరమై మెత్తగా కరిగిపోతుంది, పిట్ట ఒక్కటే నిలుస్తుంది. బట్టలకు బురద అంటుతుంది. ఆ బురద వృథా పోదు.

గేదె మీద కొంగ

సెట్టింగుల పాఠం ఒక్క దృశ్యంతో చెప్పుకోవచ్చు. ఊరి చెరువులోంచి గేదె బయటికి వస్తోంది. దాని వీపు మీద తెల్లకొంగ నిలబడి ఉంది. తెలుగువారికి ఇంతకన్నా పరిచితమైన బొమ్మ ఉండదు, కెమెరాకు ఇంతకన్నా కఠినమైన పరీక్షా ఉండదు. ఎందుకంటే కెమెరాలోని మీటర్‌కు గేదె ఏదో కొంగ ఏదో తెలియదు. ఎదురుగా ఉన్నదాన్నంతా సగటున మధ్యరకం బూడిద వెలుగులోకి తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా నల్లటి గేదె ఉంటే ‘చీకటిగా ఉంది’ అనుకుని వెలుగు పెంచేస్తుంది. గేదె బూడిదరంగుకు తిరుగుతుంది, కొంగ ఒంటి మీద ఒక్క ఈక కూడా కనిపించని తెల్లకాగితమవుతుంది.

మందు సులువే. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని దాదాపు ప్రతి కెమెరాలోనూ ఉంటుంది, ప్లస్, మైనస్ గుర్తుల బటన్ అదే. దాన్ని మైనస్ 1 దగ్గర పెట్టి ఒక ఫొటో తీసి, తెర మీద హిస్టోగ్రామ్ చూడాలి. హిస్టోగ్రామ్ అంటే ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫ్. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. గ్రాఫ్ కుడి గోడకు ఆనుకుని ఎత్తుగా లేచిందంటే కొంగ ఈకలు కాలిపోయినట్టే. ఇంకాస్త తగ్గించాలి. ఆకాశంలో ఎగిరే గద్ద విషయంలో ఇదే తిరగేసి చెయ్యాలి. వెనక ఆకాశం వెలుగుకు కెమెరా ఫొటోను చీకటి చేస్తుంది, గద్ద నల్లని నీడలా మిగులుతుంది. అక్కడ ప్లస్ 1 కావాలి.

ఒక సంగతి గుర్తుంటే చాలు, ఫొటోలో చీకటిపడిన చోటు నుంచి తర్వాత కొంత వివరం బయటికి లాగవచ్చు, పూర్తిగా కాలిపోయిన తెలుపు నుంచి ఏమీ లాగలేం. అందుకే గేదె కాస్త చీకటైనా ఫర్వాలేదు, ముందు కొంగను కాపాడుకోవాలి.

ఇక షట్టర్ వేగం. కూర్చున్న పిట్టకు 1/500 సెకను, నడిచేదానికి 1/1000, ఎగిరేదానికి 1/2000 అనేవి మొదట్లో పట్టుకోదగిన అంకెలు. కెమెరాను షట్టర్ ప్రయారిటీలో (వేగాన్ని మనమే ఎంచుకునే పద్ధతిలో) ఉంచి, ఐఎస్ఓను, అంటే వెలుగుకు సెన్సర్ చూపే సున్నితత్వాన్ని, ఆటోలో వదిలేస్తే మిగతా లెక్క అదే చూసుకుంటుంది. చెరువు గట్టున కొత్తవారికి ఇదే సుఖం. ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో ఇసుక చల్లినట్టు రేణువులు వస్తాయని భయపడి చాలామంది షట్టర్ వేగం తగ్గించుకుంటారు. రేణువులున్న స్పష్టమైన ఫొటోను బాగుచేయవచ్చు. కదిలిపోయిన ఫొటోకు మందు లేదు. ఫోకస్‌ను కంటిన్యువస్‌లో ఉంచి, చుక్కను పిట్ట కంటి మీద నిలపాలి. తోక మసకైనా చూసేవారు క్షమిస్తారు. కన్ను మసకైతే ఆ ఫొటోను రెండోసారి చూడరు.

ఎగిరే పక్షులను తీయడం గూడబాతులతో, కొంగలతో మొదలుపెట్టాలి. వాటి రెక్కల కదలిక నెమ్మది, దారి నేరుగా ఉంటుంది. ఆ తర్వాత నలుపు తెలుపు లకుముకి. అది చేప కోసం నీటిపైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది కాబట్టి కొన్ని సెకన్ల వ్యవధి దొరుకుతుంది. పాలపిట్టది ఇంకో రకం అందం. కూర్చున్నప్పుడు గోధుమరంగే ఎక్కువ కనిపిస్తుంది, రెక్క విప్పగానే రెండు రకాల నీలం బయటపడుతుంది. ఆ నీలం కోసం నెల రోజులు తిరిగినా తక్కువే.

కుంటాలలాంటి జలపాతం దగ్గర మాత్రం అంకెలు పూర్తిగా మారతాయి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి అర సెకను తెరిస్తే నీరు పాలధారలా వస్తుంది. 1/2000 పెడితే ఒక్కో బొట్టూ గాజుపూసలా ఆగుతుంది. రెండూ తీసి చూసుకోవాలి.

ఫోన్‌తో ఏం చెయ్యవచ్చు

ఫోన్‌తో దూరపు పక్షులు రావు. డిజిటల్ జూమ్ అనేది ఫొటోను తర్వాత కత్తిరించుకోవడంలాంటిదే, కొత్త వివరమేదీ చేర్చదు. అయితే ఫోన్‌కు దగ్గరి వస్తువులతో మంచి స్నేహం. తామరాకు మీది నీటిబొట్టు, చెట్టు బెరడు మీద చీమల బారు, సాలెగూడు, గట్టంతా కనిపించే మబ్బు. వీటికి ఫోన్ చాలు. తూనీగ కూడా పసిరిక పిట్టలాగే లేచిన పుల్ల మీదికే తరచూ తిరిగొస్తుంది. చలికాలం తెల్లవారుజామున మంచు పట్టి కదలలేక ఉన్నప్పుడు జానెడు దూరందాకా వెళ్లనిస్తుంది.

ముందు లెన్సును మెత్తటి గుడ్డతో తుడవాలి. ఫోన్ ఫొటోలు పొగచూరినట్టు రావడానికి ఎక్కువసార్లు కారణం జేబులో అంటిన చెమటే. తర్వాత తెర మీద వస్తువును వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు అక్కడ బిగుసుకుంటాయి. అప్పుడు వేలిని కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది. మంచుబొట్లు పట్టిన సాలెగూడును ఎండకు ఎదురుగా నిలబడి, వెనక చీకటి పొద ఉండేలా చూసి, వెలుగు తగ్గించి తీయాలి. పోగు పోగూ వెండితీగలా కనిపిస్తుంది.

ఫోన్‌తో ఆరు నెలలు ఆ చెరువు దగ్గర గడిపాక కెమెరా కొనాలనిపిస్తే అప్పుడు కొనడం మంచిది. అప్పటికి ఏది కావాలో తెలిసి ఉంటుంది. పక్షులకైతే కనీసం 300 మిల్లీమీటర్ల దాకా వెళ్లే లెన్సు అవసరం. వాడిన లెన్సు కొనేటప్పుడు దాన్ని టార్చి వెలుగులోకి పెట్టి లోపల సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడాలి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తేమ ఊళ్లలో లెన్సులకు ఆ తెగులు ఎక్కువ. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచే కన్నా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో ఉంచడం క్షేమం.

తీతువు అరిచినప్పుడు

 తీతువు అరుపు అపశకునమని మన ఊళ్లలో పాతకాలం నుంచి భయం ఉంది. ఫొటోలు తీసేవారు ఆ అరుపును మరోలా వినాలి. తీతువు గూడు కట్టదు, ఖాళీ నేల మీద రాళ్ల మధ్యనే గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా రాళ్ల రంగులోనే ఉంటాయి. తల మీద తిరుగుతూ అరుస్తోందంటే అడుగు దూరంలో గుడ్లు ఉండవచ్చు. ఫొటో మానేసి, వచ్చిన దారినే చూసుకుంటూ వెనక్కి నడవాలి.

గూళ్ల విషయంలో రాజీ ఉండకూడదు. తల్లి లేచిపోయాక మన ఎండలో గుడ్లు, రెక్కలు రాని పిల్లలు ఎంతోసేపు తట్టుకోలేవు. ఫొటోకు అడ్డమని తుంచిన కొమ్మ కాకికి దారి చూపిస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను రప్పించడం కూడా అలాంటిదే. తన నెలవులోకి శత్రువు వచ్చిందనుకుని ఆ పిట్ట మేత వదిలి పోరాటానికి వస్తుంది. దసరాకు పాలపిట్టను చూడాలని పంజరంలో తెచ్చి చూపించేవారున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, చూడ్డానికి వెళ్లే అందానికి చేసే హింస. పండుగనాడు పొలం గట్టున కరెంటు తీగల వెంట గంట నడిస్తే స్వేచ్ఛగా ఉన్న పాలపిట్ట కనిపించే అవకాశం నిజంగానే ఉంది, కెమెరా ఉంటే ఫొటో కూడా దక్కుతుంది. అభయారణ్యాల్లో ఫొటోలకు అటవీశాఖ అనుమతి, రుసుము గురించి ముందే కనుక్కోవాలి.

ఎడిటింగ్: చూసినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం

ఫొటోను దిద్దడం మోసమని కొందరు, దిద్దకపోతే ఫొటోయే కాదని కొందరు అనుకుంటారు. ఈ చర్చకు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కథ పనికొస్తుంది. 1941లో ఆయన న్యూ మెక్సికోలో కారులో వెళ్తూ, హెర్నాండెజ్ అనే చిన్న ఊరి శ్మశానంలోని తెల్లటి శిలువల మీద చివరి ఎండ పడటం, ఆ పైన చంద్రుడు లేవడం చూశారు. కెమెరా నిలబెట్టే కంగారులో లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి వెలుగు విలువ గుర్తుండటంతో దాన్నిబట్టి లెక్కకట్టి ఒక్క ఫొటో తీశారు. రెండోది తీసేలోపే శిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్క నెగటివ్‌తో దశాబ్దాల పాటు చీకటిగదిలో ప్రింట్లు వేస్తూనే ఉన్నారు. కొన్ని చోట్ల వెలుగు పెంచి, కొన్ని చోట్ల తగ్గించి. తొలి ప్రింట్లలో కాస్త తేటగా ఉన్న ఆకాశం తర్వాతి వాటిలో చిక్కటి నలుపైంది. లేని చంద్రుణ్ని ఆయన తెచ్చి పెట్టలేదు. ఉన్న చంద్రుడు ఆ సాయంత్రం తనకెలా కనిపించాడో కాగితం మీదికి తేవడానికి శ్రమించారు.

ఇప్పుడు గేదె మీద కొంగను అలాగే దిద్దుకుందాం. ఫోన్‌లో స్నాప్‌సీడ్, కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్‌లో లైట్‌రూమ్‌కైతే డబ్బు కట్టాలి. నేర్చుకునే దశలో ఏదైనా ఒకటే. కెమెరాలో ముందే ‘రా’ ఫార్మాట్ ఎంచుకుని ఉంటే పని తేలిక. జేపెగ్ ఒక్కో రంగుకు 256 మెట్లే దాచుకుంటుంది, 14 బిట్ల రా ఫైల్ 16,384 మెట్లు దాచుకుంటుంది. గేదె ఒంటి చీకట్లోంచి వెంట్రుకల వివరం లాగేటప్పుడు ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

మొదట నీటి గీత సరిచెయ్యాలి. చెరువు ఒక పక్కకు ఒరిగి ఉంటే ఎంత మంచి కొంగైనా జారిపోతున్నట్టుంటుంది. తర్వాత కత్తిరింపు. కొంగ ఎటు చూస్తోందో అటువైపు ఖాళీ ఎక్కువ వదలాలి. గేదె కాళ్లను మోకాళ్ల దగ్గర నరకకూడదు. నీటిలో దాని నీడ ఉంటే అది కూడా ఫొటోలో భాగమే. ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగును సరిచూసుకోవడం. ఇక్కడే కొత్తవారు ఒక తప్పు చేస్తారు, కొంగ తెల్లదని దాన్ని పూర్తిగా తెలుపు చేస్తారు. పొద్దుటి ఎండలో కొంగ లేత పసుపుగానే ఉంటుంది. ఆ పసుపు తీసేస్తే ఉదయం పోతుంది.

హైలైట్స్ కొద్దిగా తగ్గిస్తే ఈకల మధ్య గీతలు తేలతాయి. షాడోస్ కొద్దిగా పెంచితే గేదె కన్ను, కొమ్ము వంపు బయటపడతాయి. ఇక్కడ చెయ్యి ఆపాలి. ఇంకా పెంచితే గేదె నలుపు పోయి బూడిద పూసినట్టవుతుంది, చీకట్లో దాగిన రేణువులన్నీ పైకొస్తాయి. నల్లది నల్లగా ఉంటేనే తెల్లదానికి విలువ.

రంగుల దగ్గర మరీ జాగ్రత్త. శాచురేషన్ అన్ని రంగులనూ ఒకేలా పెంచుతుంది, దాంతో వరిచేను ప్లాస్టిక్ పచ్చగా మారుతుంది. వైబ్రెన్స్ నీరసంగా ఉన్న రంగులనే ఎక్కువగా తాకుతుంది కాబట్టి అది మేలు, అదీ పది పాయింట్లలోపే. స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ అనే పనిముట్టుతో కొంగ తల మీద మాత్రమే కాస్త వెలుగు పెంచవచ్చు. చూసేవారి కన్ను ఎటు పోవాలో అది చెబుతుంది. పదును పెట్టడం చివరి పని. ఈకల అంచున తెల్లటి గీత కనిపించిందంటే పదును మితిమీరినట్టే.

సెన్సర్ మీది దుమ్ముచుక్క ఆకాశంలో పడితే తుడిచెయ్యవచ్చు. అది చెరువుది కాదు, కెమెరాది. నీళ్లలో తేలే పాలిథిన్ కవరు మాత్రం ఆ చెరువుదే. దాన్ని చెరిపేయడం కన్నా ఉంచడమే సరి, ఆ కవరు కూడా ఆ నాటి చెరువు గురించి సాక్ష్యం చెబుతుంది. ఇంకో కొంగను తెచ్చి అతికించడం, కృత్రిమ మేధతో లేని మబ్బులు పుట్టించడం ఫొటోగ్రఫీ కిందికి రాదు. పోటీల్లో ఈ నియమాన్ని గట్టిగా పాటిస్తారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో మొదటి బహుమతి పొందిన తోడేలు ఫొటోను, అది పెంపుడు తోడేలు అయి ఉండవచ్చని తేలడంతో తర్వాతి ఏడాది రద్దు చేశారు. అందులో ఎడిటింగ్ తప్పేమీ లేదు. చూసినదాని గురించి చెప్పిన మాటే నిలవలేదు.

దిద్దిన ఫొటోను వెంటనే ఎవరికీ పంపకూడదు. ఒక రాత్రి గడవనివ్వాలి. పొద్దున్నే తెర వెలుగు సగానికి తగ్గించి అసలు ఫొటో పక్కన పెట్టి చూస్తే నిన్నటి అత్యుత్సాహం ఎక్కడుందో తెలిసిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపితే నాణ్యత నిలుస్తుంది. గూళ్లున్న చోటు, అరుదైన పిట్ట కనిపించిన చోటు పంచుకునేముందు ఫొటోలోని జీపీఎస్ సమాచారం తీసేయాలి. వేటగాళ్లకూ ఫోన్లుంటాయి.

ఒకే రాయి మీంచి

ప్రతిసారీ పక్షులు దొరకవు. అలాంటి రోజులకు ఒక పని పెట్టుకోవాలి. చెరువు గట్టున తూము దగ్గర ఒక రాయి ఎంచుకుని, వెళ్లిన ప్రతిసారీ దాని మీదే నిలబడి, ఫోన్ అదే ఎత్తులో పట్టుకుని, ఎదురుగా ఉన్న చెట్టు ఫ్రేములో అదే చోట పడేలా చూసి ఒక్క ఫొటో తీయాలి. నిమిషం పట్టదు. ఫొటో పేరులో తేదీ, సమయం రాసి ఒకే ఫోల్డరులో వెయ్యాలి. కనిపించిన పిట్టల పేర్లను ఈబర్డ్ వెబ్‌సైట్‌లో, పురుగులు, మొక్కల ఫొటోలను ఐనాచురలిస్ట్‌లో చేర్చితే శాస్త్రవేత్తలకూ పనికొస్తాయి. ప్రపంచవ్యాప్తంగా ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో ఈ చెరువు కూడా చేరిపోతుంది.

ఏడాది తిరిగేసరికి ఆ ఫోల్డరులో మే నెల నెర్రెల పక్కనే ఆగస్టు నీళ్లుంటాయి. అక్టోబరు ఫొటోలో గట్టు అంచున ఖాళీ నత్తగుల్లల కుప్ప కనిపిస్తుంది. మొదటి నెలలో తీసినవారికి అది చెత్త. ఇప్పుడు అదే ఫొటోను పెద్దది చేసి చూస్తే కుప్పకు పది గజాల అవతల, తుంగ మధ్యలో, ముక్కు మధ్య సందున్న నత్తగుల్ల కొంగ నిలబడి ఉంటుంది. ఆ రోజు అది అక్కడ ఉందని తీసినవారికి తెలియదు. మర్నాడు ఐదున్నరకు ఆ తుంగకు తూర్పున, ఎండ వెనక పెట్టుకుని ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఇప్పుడు తెలుసు.